మడుగులో ఇప్పచెక్క

అదేంది నేస్తం, పెరడంతా ఆ నల్లటి అడుగులు? ఇప్పుడే గదా బుల్లమ్మ ఫినాయిలేసి కడిగింది. గుమ్మం దగ్గర గోనెసంచి పరిచింది ఎందుకనుకున్నవ్, కాళ్ళు తుడుచుకోనీకి. తెల్వక కాదులే. నీకు కోపమొస్తే నోటితో చెప్పవు, ఇట్ల కాళ్ళతో చెప్తవు.

సరే, కూర్చో. మంచం మీద కాదు, అది మా ఆయన పడుకునేది. ఆ పీట లాక్కో. ఒంటి మీంచి ఇంకా నూనె వాసన వస్తున్నది నీకు, ఎన్ని మునకలేసినా పోదంట. పోవాలంటే మంచి నీళ్ళుండాలె గదా, ఏటి నడుమ మీ తిప్ప మీద అవెక్కడియి ఇప్పుడు.

మెల్లగ మాట్లాడుకుందాం. ముందుగదిలో జగదల్‌పూర్ నుంచి వచ్చిన పెద్ద సాబు అన్నం తింటున్నడు. మా ఆయన పక్కన కూర్చుని విసురుతున్నడు. కాశీవిశ్వనాథం సేఠ్ అంటే కోంటా బజార్ల ఎంత పేరు, ఆయన విసనకర్ర పట్టుకున్నడు చూడు ఈ పొద్దు. కరెంటు కూడ ఇయ్యాలే పోవాలె.

నువ్వెట్లాగూ మాట్లాడవు. మెల్లగ మాట్లాడాల్సింది నేనే.

జీపు కోసమే గదా వచ్చినవు? నీ కొడుకు కేసాను చూడాలె, జగదల్‌పూర్ అస్పతాల్‌కు తీస్కపోండి అని. తిప్ప నుంచి దోనెలో ఒక్కదానివే తెడ్డేసుకుంట వచ్చినవంట, బుల్లమ్మ చెప్పింది. ఈ వయసులో నీకెందుకే అంత మొండితనం? జీపు ఎక్కడికి పోతది, అదిగో కొట్టు ముందరనే ఉంది. డీజిలు పోయించిన. డ్రైవరు కూడ తిని కూర్చున్నడు. ఒక్క చిన్న పని ఉంది, అది అయినంక.

పొద్దున ఫోనొచ్చింది అస్పతాల్ నుంచి. వాడికిప్పుడు నొప్పి లేదంట. దగ్గు కూడ ఆగిందంట.

చూడు, మొహం ఎట్ల విచ్చుకుందో. ఇందుకే నీకు ఏదీ చెప్పబుద్ధి కాదు. ఇంత మాట వింటే అంత సంబరపడతవు.

తిప్పోళ్ళంతా మా ఆయన్ని తిడుతున్నరంట గదా. తిట్టనీ. తిట్టేటోళ్ళకు ఏం తెలుసు, రోడ్లేసే ఠేకేదారు రోజూ మనిషిని పంపుతుండె, అవతలి ఒడ్డున డాంబరు భట్టీ ఆరిపోతున్నది, నల్లనూనె ఎప్పుడు పంపుతవ్ సేఠ్ అని. లారీల ఇంజన్లల్లోంచి తీసేసిన కాలిన నూనె, దానికి కూడ రోడ్డు మీద నాకా. కాయితాలు చూపించు, ఆపు, దించు. అందుకే పడవ మీద పంపిండు. సంతరోజు మధ్యాహ్నం, పోలీసోళ్ళంతా సంతలో కోళ్ళ పందెం దగ్గర ఉంటరు గదా. తెలివైన పనే. పడవ దిగబడకపోతే ఇయ్యాల అందరూ ఆ తెలివినే మెచ్చుకుందురు.

నాకా వాళ్ళకు కనబడకుండ మీ మేకలతిప్ప ఒడ్డు పట్టుకుని పోనియ్యి అన్నడు ఆయన. నీ కొడుకు పోనిచ్చిండు. ఏరు తీస్తున్నది, నీళ్ళు తగ్గినయి, ఇసుక మీదికి ఎక్కి కూర్చుంది పడవ. కూర్చుంటే కూర్చుంది, కదలకుండ ఉంటే పోయేది. బలంగ నెట్టిన్రు, అది పక్కకు ఒరిగింది, డ్రమ్ములన్నీ దొర్లినయి. తుప్పు పట్టిన డ్రమ్ములు, రాయికి తగిలితే ఆగుతయా?

ఎవరి తప్పు అంటే ఏం చెప్తం నేస్తం. ఏటి తప్పు అనుకో. ఏటికి కేసు పెట్టరు గదా.

పెద్ద ఆఫీసు నుంచి వెంటనే వచ్చిన్రు, అది మాత్రం చెప్పాలె. ఒడ్డున నిలబడి ఫోటోలు తీసిన్రు. ఆ కుర్ర తహసీల్దారు ముక్కుకు రుమాలు కట్టుకుని, రెండు సంచుల బ్లీచింగు పౌడరు దోనెలో పెట్టి తిప్పకు పంపిండు. నూనెకు బ్లీచింగు. నేను నవ్విన. మీవాళ్ళు దాన్ని సున్నం అనుకుని గోడలకు పూసుకున్నరంట, నిజమేనా? ఇంకా నవ్విన.

చెలమల సంగతి విన్న. ఇసుకలో ఎంత లోతు తవ్వినా నీళ్ళ మీద ఆ రంగురంగుల పొర తేలుతున్నదంట. పిల్లలకు ఒళ్ళంతా పొక్కులంట. మేకలు తాగి పడిపోయినయంట. నేనేం చెయ్య? మా బోరునీళ్ళు రెండు డబ్బాలు పంపిన గదా. డబ్బాలు ఇంకా తిరిగి రాలే, అది అడుగుత తర్వాత.

ఊకనే కూర్చోలే మేము. గడ్డిమోపులు వేయించినం, గోనెసంచులన్నీ తీయించి నీళ్ళ మీద పరిపించినం. ఎన్ని సంచులు పాడైనయో. గడ్డి నల్లగ అయింది, నూనె మాత్రం తరగలే. తిప్ప పక్క మడుగులో చేరి అట్లనే నిలబడింది, కదలదు, మెదలదు. అప్పుడు మా ఆయనకు ఇప్పచెక్క గుర్తొచ్చింది.

ఆయన్ని అనడం ఎందుకు, ఆ మాట ముందు నా నోటి నుంచే వచ్చింది. తలకంటుకుని కూర్చున్న ఆ పొద్దు. బుల్లమ్మ ఇప్పపిండి రుద్దుతున్నది. తల నిండా ఉన్న నూనె నురగై కారిపోతున్నది. మా అమ్మ, మా అమ్మమ్మ, అందరం దీంతోనే గదా నూనె వదిలించుకున్నది, కుంకుళ్ళు కొనుక్కునే రాత ఎవరికుంది. ఇంత జిడ్డు పోతే అంత జిడ్డు పోదా అన్న. గోదాంలో నిరుడు ఆడించిన ఇప్పగింజల చెక్క అంతా అట్లనే పడి ఉంది, పురుగు పట్టి, కొనే దిక్కు లేక. ఆయన కళ్ళు మెరిసినయి. ఖాళీ అయితది, పుణ్యం వస్తది, సర్కారుకు చేసి చూపించినట్టుంటది అన్నడు.

చేపలు చస్తయని తెల్వదా అంటవు. నువ్వు అనలే, నీ కళ్ళు అంటున్నయి. తెలుసు. కోంటాలో ఎవరికి తెల్వదు? ఎండాకాలం మీవాళ్ళు గుంటల్లో గుప్పెడేసి చేపలు తేలేస్తరు గదా, సంతలో కొనుక్కుని తిన్నోళ్ళమే మేము. కానీ మడుగంటే మడుగు, గుంటంటే గుంట అనుకున్నం. పారే ఏరు గదా, కొట్టుకపోతది అనుకున్నం. కేసా అన్నడంట, చేపలు పోతయి సావుకారీ అని. పోతే పోతయి, నూనె చేపలు ఎవడు తింటడు, పొయ్యి అన్నడు ఈయన.

పోసిండు.

లారీ అంత చెక్క. పొద్దంతా నడుం లోతు నీళ్ళల్ల నిలబడి పోసిండు, కర్రతో కలిపిండు. నురగ లేచిందంట ఒడ్డు నుంచి ఒడ్డుకు, తెల్లగ. నూనె విరిగింది, అది అబద్ధం కాదు. విరిగి కిందికి దిగింది. చేపలు పైకి వచ్చినయి.

మాపటికి మడుగంతా పొట్టలే. ఇంతింత వాలుగలు. తాతల నాటి నుంచి మీవాళ్ళు పండగకు తప్ప వల వెయ్యని మడుగు, నాకు తెలుసు, చెప్పక్కర్లే. మర్నాటికి కుళ్ళినయి. కొట్టుకపోయి కింద ఆంధ్రోళ్ళ రేవులో తగిలినయి. అక్కడ పేపర్లోళ్ళున్నరు. నూనె ఒలికితే మీ తిప్పోళ్ళ ఏడుపు, చేపలు చస్తే రెండు రాష్ట్రాల గొడవ. ఎక్కణ్ణుంచో ఎక్కడికో పోయింది. అందుకే ఈ పెద్ద సాబు వచ్చిండు, జాంచ్ చెయ్యనీకి. నూనె సంగతి కాదు ఆయన అడిగేది. ఏట్లో విషం కలిపింది ఎవరు, అదొక్కటే కావాలె.

ఇప్పుడు చెప్త విను, నా పని ఏందో.

మనం నేస్తం కట్టుకున్నది గుర్తుందా? జగదల్‌పూర్ల రథం లాగే గోంచా పండక్కి పోయి మా అత్త జగన్నాథుడి ప్రసాదం తెచ్చింది. నీ నోట్లో నేను పెట్టిన, నా నోట్లో నువ్వు పెట్టినవు. ఆ పొద్దు నుంచి నీ పేరు నేను పలకలే, సుశీల అని నువ్వు పలకలే. నేస్తం పేరు నేస్తం పలకకూడదు, అడిగింది కాదనకూడదు, పలికినా కాదన్నా ఏరు మింగుతది అన్నరు మీ పెద్దోళ్ళు. పెద్ద వరద వచ్చి బజారంతా మునిగిననాడు మా మేడ కింద దోనె పెట్టి రా నేస్తం అన్నవు. నాకు భయం, చచ్చినా దిగను అన్న. అడిగిన గదా, కాదనకూడదు అన్నవు. దిగిన. బతికిన.

ఇన్నేళ్ళల్ల నేను నిన్ను ఏమన్నా అడిగిన్నా? చింతపండు, ఇప్పపువ్వు, అది బేరం, అడగడం కాదు. నిజం చెప్పాల్నంటే మా అత్త నన్ను నీతో నేస్తం కట్టించింది కూడ అందుకే. తిప్పల మీద మాల్ అంతా మన కొట్టుకే వస్తది కోడలా, కట్టుకో అన్నది. అట్లనే వచ్చింది. నొచ్చుకోకు. ఏ నేస్తమైనా ఏదో ఒక లాభానికే, నీకు లేదా? ఉప్పు ఎప్పుడన్నా తక్కువ తూచిన్నా నీకు? మిగిలినోళ్ళకు తూచిన, నీకు లేదు.

ఈ పొద్దు మొదటిసారి అడుగుతున్న.

సాబు అన్నం తిని ఇట్లనే వస్తడు, చెయ్యి కడుక్కోనీకి. నిన్ను అడుగుతడు. హిందీలో అడుగుతడు, నీకు రాదు, నేను నీకు చెప్త. మడుగులో ఇప్పచెక్క పోసింది నీ కొడుకేనా అని. నువ్వు తల ఊపాలె. అంతే.

ఏయ్, ఎక్కడికి లేస్తున్నవు? కూర్చో. చెయ్యి గుంజకు, గాజులు గుచ్చుకుంటున్నయి. కూర్చో అంటున్న గదా.

అబద్ధం చెప్పమంటున్నన్నా నేను? పోసింది ఎవరు? కేసా గాక నేను పోసిన్నా? తిప్పోళ్ళంతా చూసిన్రు వాడి చేతుల్లో సంచి. ఎవరు పొయ్యమన్నరు అని సాబు అడగడు. ఆయన అడగంది మనం ఎందుకు చెప్పాలె? ఒడ్డున నిలబడి చెయ్యి చూపించినోడి పేరు ఎవడు రాసుకుంటడు, నీళ్ళల్ల దిగినోడి పేరే రాసుకుంటడు. లోకమే అట్లుంది, నేను చేసిన్నా?

మా ఆయనకు షుగరు. పొద్దున ఒక సూది, మాపు ఒక సూది. ఆ వేలు చూసినవు గదా, పుండు మానక పోయినేడు తీసేసిన్రు. ఆయన్ని జైల్లో పెడితే ఎన్ని రోజులుంటడు? అక్కడ ఎవడు పొడుస్తడు సూది? కొట్టు ఎవడు చూస్తడు? కొట్టు మూతపడితే మీ తిప్ప సరుకు ఎవడు కొంటడు, అది ఆలోచించినవా? మార్వాడీ దగ్గరికి పొండి, చూపిస్తడు మీకు నరకం.

కేసా కుర్రోడు. కుర్రోడికి ఏమైతది? ఏమీ కాదు వాడికి. నా మాట నమ్ము, ఏ పోలీసూ వాణ్ణి ముట్టడు. ఒట్టు. జగన్నాథుడి మీద ఒట్టు. ఇంకేం కావాలె నీకు?

ఏడుస్తున్నవా? ఏడువు. ఏడుపులో తల ఊపితే ఇంకా నమ్ముతడు.

వాడు మంచోడే, ఎవరు కాదన్నరు. నాక్కూడ మంటగనే ఉంది. చిన్నప్పుడు ఈ పెరట్లనే గదా, జామచెట్టెక్కి దిగనంటే నేనే కర్ర పట్టుకున్న. పడవ ఒరిగిననాడు వద్దురా అంటే వినకుండ డ్రమ్ముల కింద దూరిండు, సేఠ్ మాల్ పోతది అని. నూనె మింగిండు. అయినా మర్నాడు వచ్చిండు పనికి, దగ్గుకుంట. పొడి దగ్గు, నల్లటి ఉమ్ము. ఇంకొకడైతే ఇంట్ల పడుకునేటోడు. ఆ చెక్క పొయ్యడం అయినంక ఒడ్డుకొచ్చి కూలబడ్డడు. ఈ జీపే గదా జగదల్‌పూర్ తీస్కపోయింది. సీటు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

నేను పంపలేదా? చెప్పు, నేను పంపలేదా? మరి నాకు ఈ ఒక్కటి చేస్తే ఏం పోతది నీకు.

చూడు నేస్తం, తేలిగ్గ చెప్త. తల ఊపితే జీపు. ఊపకపోతే నీ దోనె నీకుంది, ఏట్ల తెడ్డేసుకుంట జగదల్‌పూర్ పో. ఎదురు ఏరు, రాళ్ళు, ఎప్పటికి చేరుతవో నాకు తెల్వదు.

అదిగో, పీట జరిగింది లోపల. లే. కొంగు సర్దుకో. కళ్ళు తుడుచుకో, వద్దులే, ఉండనీ.

ఆయియే సాబ్, ఇధర్, నీళ్ళు ఇక్కడ. బుల్లమ్మా, తువ్వాల ఇయ్యి సాబుకు. జీ సాబ్, యహీ హై ఉస్కీ మా, ఈమెనే వాడి తల్లి. తిప్ప నుంచి నేనే పిలిపించిన సాబ్, జాంచ్‌కు మదత్ చెయ్యాలె గదా.

నేస్తం, పేరు అడుగుతున్నడు నిన్ను. నీ పేరు చెప్పు.

చెప్పవేంది? నన్నెందుకు చూస్తవు?

మాసే, సాబ్. మాసే అంటరు ఈమెను.

అట్ల చూడకు. నువ్వు నోరు విప్పకపోతే నేను పలకాల్సి వచ్చింది. పలికిన. ఏరు ఏం మింగలే, ఉన్నకాడనే ఉంది. విను, అడుగుతున్నడు. మడుగులో ఇప్పచెక్క పోసి చేపల్ని చంపింది నీ కొడుకు కేసానేనా?

జర ఆగండి సాబ్. బుద్ధి మందం, అర్థం కావాలె గదా.

నేస్తం. కేసా పోసిండా, లేదా? నిజమే చెప్పు. వాడు పోసిండా లేదా?

జీపు తాళం డ్రైవరు చేతుల్నే ఉంది.

హా సాబ్. దేఖా ఆప్నే? ఊపింది. తల్లే ఒప్పుకున్నంక ఇంకేముంది. జీ, ఆ పిలగాడి సంగతి మా ఆయన చెప్తడు మీకు, లోపలికి రండి. కిళ్ళీ తెప్పించినం. అయ్యో, అప్పుడే పోతరా? సరే సాబ్. నమస్తే సాబ్. ఏమండీ, సాబును కారు దాకా సాగనంపండి, ఆ చెప్పులేసుకోండి, కాలు జాగర్త.

పోయిండు.

హమ్మ. కూర్చోనీ నన్ను ఒక్క నిమిషం. పెళ్ళినాడు కూడ ఇంత భయపడలే.

ఎక్కడికి? నేస్తం, ఎక్కడికి ఉరుకుతున్నవ్? ఆగు. జీపు ఎక్కకు, దిగు. డ్రైవరుకు చెప్పిన్లే, వాడు తియ్యడు. దిగు కిందికి, ఆ కడ్డీ వదులు.

జగదల్‌పూర్ పోవాల్సిన పని లేదు. వాడే వస్తున్నడు.

పొద్దుగాలే బయల్దేర్పించిన్రు అక్కణ్ణుంచి. అస్పతాల్ బండి. సుక్మా దాటినంక ఫోన్ చేసిన్రు, ఈపాటికి ఎర్రబోరు కూడ దాటి ఉంటది, ఇంక దగ్గరే.

ఇంకా సంబరపడతవేంది. నా నోటితోనే చెప్పాలెనా అంతా? బండిలో కూర్చుని వస్తలేడు నేస్తం. పడుకోబెట్టి తెస్తున్నరు. గుడ్డ కప్పి తెస్తున్నరు. తెల్లారేసరికే అయిపోయింది. ఊపిరితిత్తుల నిండా ఆ నూనెనే ఉందంట, డాక్టర్లు చేసేటంత చేసిన్రంట. నొప్పి లేదన్న, దగ్గు ఆగిందన్న. వాళ్ళు చెప్పిందే చెప్పిన. ఏ పోలీసూ ముట్టడన్న, ఒట్టు కూడ వేసిన. చచ్చినోణ్ణి ఎవడు ముడతడు?

అరువకు. బజారు వింటది. సరే, అరువు. కొట్టు, నన్నే కొట్టు, ఇదిగో ఇక్కడ కొట్టు. బుల్లమ్మా, నువ్వు లోపలికి పో, నాకేం కాదు.

సాబు ఇక్కణ్ణుంచి పోయేదాకా ఆయనకు తెల్వకూడదు అనుకున్నం. తెలిస్తే ఇంకో జాంచ్. పడవ ఎవరిది, నూనె ఎవరిది, వాణ్ణి నీళ్ళల్ల దించింది ఎవరు. ఇప్పుడు తల్లే చెప్పింది గదా పోసింది వాడేనని. ఇంక ఎవడేం అడుగుతడు.

వాడు ఎట్లాగూ పోయిండు నేస్తం. పోయినోడి మీద ఎన్ని వేస్తే ఏమైతది, మొయ్యలేను అంటడా? నా మనిషి ఇంకా ఉన్నడు. ఉన్నోణ్ణి కాపాడుకున్న. అంతకంటె నేనేం చెయ్యలే.

నిన్నా మొన్నా అడగలే, ఈ పొద్దే అడిగిన. వాడు బతికి ఉంటే అడిగేదాన్ని కాదేమో. అడిగేదాన్నేమో కూడ. నాకే తెల్వదు.

నువ్వు గుమ్మంల కాలు పెట్టంగనే చెప్పాల్సింది అంటవు. చెప్తే తల ఊపేదానివా? ఊపేదానివి కాదు. నీ జాగలో నేనున్నా ఊపకపోదును. అందుకే చెప్పలే.